చప్పుడు మేస్త్రి ముందుగది

చప్పుడు మేస్త్రిని ఎరగని మనిషి ఆ ఊళ్ళో లేడంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టవుతుంది గానీ, ఆయన ఎరగని నేల లేదంటే మాత్రం ముమ్మాటికీ నిజం. దారిన పోతూ అందరూ ఎదుటివాళ్ళ మొహాలు చూస్తారు, దుకాణాల బోర్డులు చూస్తారు. మేస్త్రి కిందికి చూస్తాడు. ఆసుపత్రిలో ఉన్న మనిషిని చూడబోయినా ముందు వరండాని పలకరించి, ఆ తర్వాతే మంచం మీదున్న మనిషిని పలకరిస్తాడు.

"ఈ వరండా మనదే. ఎన్ని చక్రాల మంచాలు తిరిగాయో దీని మీద! ఒక్క పలక కదిలిందేమో చూడండి" అంటాడు. నొప్పితో మూలుగుతున్నవాడు కూడా మొహమాటానికి మెడ వంచి చూడాల్సిందే.

ఆయన చేసిన పనులు చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. ఆసుపత్రి వరండా సరే. బస్టాండులో జనం కూర్చునే హాలు ఆయన చేతిదే. బ్యాంకు మెట్లు ఆయనవే, ఆ మెట్ల మీద వానలో పరిగెత్తినవాడు కూడా జారిపడలేదు. ఈతకొలను అడుగున నీలం పలకలు పరిచింది ఆయనే, చుక్క నీరు దిగలేదు. బడి వరండా, పెద్ద హోటలు వంటగది, ఊరి చివర కొత్తగా లేచిన మేడల్లో సగం మేడలు... అన్నిట్లోనూ ఆయన మోకాళ్ళు అరిగాయి. చదివింది పల్లెటూరి బళ్ళో ఐదో తరగతి. దాన్ని కూడా ఘనకార్యాల్లో కలిపేసుకుంటాడు. "ఐదుతో ఆపాను గాబట్టి సరిపోయింది. ఆరు కూడా చదివుంటే ఎక్కడో గుమాస్తాగా కూర్చునేవాణ్ణి, ఈ ఊరి నేలలన్నీ ఎగుడుదిగుడుగా ఉండిపోయేవి!"

చప్పుడు మేస్త్రి అన్న పేరు ఉత్తినే రాలేదు. పని పూర్తయి పలకలు ఆరాక, సుత్తి తిరగేసి పట్టుకుని, కర్రపిడితో ఒక్కొక్క పలక మీదా కొడతాడు. తల ఒక పక్కకి వాల్చి వింటాడు. కింద సిమెంటు పిండి నిండుగా పట్టిన పలక 'టక్' అంటుంది. ఎక్కడైనా ఖాళీ మిగిలిపోతే 'డబ్' అంటుంది. డబ్ అన్నదో, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చి బతిమాలినా ఆ పలక ఉండదు. ఒకసారి ఒకింటాయన, "సాయంత్రం చుట్టాలొస్తున్నారయ్యా, అది ఎలాగూ మంచం కిందే కదా, వదిలెయ్" అన్నాడు. మేస్త్రి మంచం జరిపించి మరీ పీకాడు. "మంచం కింద ఉంటే మాత్రం డొల్ల డొల్ల కాకుండా పోతుందా?" అని ఎదురడిగాడు. చుట్టాలు గడప దగ్గరే నిలబడి, ఆరేదాకా కబుర్లు చెప్పుకున్నారు.

ఇంతటి మేస్త్రి సొంత ఇంట్లో, ముందుగదిలో, ఒక్క టైల్ లేదు.

అక్కడున్నది చెక్కనేల. మేస్త్రి భార్య వడ్రంగి కూతురు. వాళ్ళిద్దరూ ఈ ఇల్లు కట్టుకున్న ఏడాది ఆవిడ తండ్రి పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వచ్చి, ముందుగదిలో మకాం పెట్టి, ఒక్కొక్క చెక్కనీ చిత్రిక పట్టి పరిచి వెళ్ళాడు. వెళుతూ వెళుతూ అల్లుడి భుజం తట్టి, "ఈ గది జోలికి రాకు నాయనా, మిగతా ఇల్లంతా నీదే" అన్నాడు. సరదాకే అన్నాడు. మేస్త్రి మాత్రం ఆ మాటని గచ్చులో అక్షరం చెక్కినట్టు మనసులో పెట్టుకున్నాడు. వంటగది, పడకగది, వెనక వరండా అన్నీ టైల్స్‌తో తళతళలాడించాడు గానీ ముందుగది గడప మాత్రం సుత్తి పట్టుకుని దాటలేదు. వచ్చినవాళ్ళు, "మేస్త్రిగారింట్లో చెక్కా?" అని నవ్వితే మొహం తిప్పుకునేవాడు.

ఆ నేలకి ఒక గుణం ఉంది. అడుగు పడితే చాలు, కిర్రుమంటుంది. వడ్రంగి కూతురు వంటగదిలోంచి లేవకుండానే ఎవరొచ్చారో చెప్పేది. "అదిగో, అమ్మాయి వచ్చింది. కాళ్ళీడుస్తోంది, పరీక్ష బాగా రాయలేదు." "ఇదిగో, మీ నాన్న. గొప్పలు చెప్పుకోవడానికి తొందరగా వస్తున్నాడు." పెద్దయి పెళ్ళిళ్ళయి పక్కవీధుల్లో కాపురాలు పెట్టిన పిల్లలు ఇప్పటికీ అమ్మని ఏడిపించడానికి పిల్లిలా అడుగులేసి చూస్తారు. ఒక్కసారి కూడా గెలవలేదు.

అలాంటి నేలకి ఈమధ్య తెగులు పట్టింది. గోడలో గొట్టం ఎప్పటినించో కారుతోందట, ఎవరూ కనిపెట్టలేదు. తడి చెక్కల కిందికి పాకింది. చెక్కలు పొట్టలు ఉబ్బాయి, కొసలు లేచాయి. ఒకరోజు మధ్యాహ్నం వడ్రంగి కూతురు టీ గ్లాసు పట్టుకుని వస్తూ ఒక కొసకి కాలు తగిలి ముందుకి తూలింది. కుర్చీ చెయ్యి దొరక్కపోతే మోకాలు పగిలేదే. అసలే ఆ మోకాలు మెట్లెక్కితే మొరాయిస్తోంది. ఎదురుగా కూర్చున్న మేస్త్రి ఒక్క ఉదుటున లేచాడు.

గొట్టం బాగుచేయించాడు. ఊళ్ళో ఒక వడ్రంగిని పిలిపించాడు. అతను రెండు చెక్కలు లేపి, కిందికి వేలు పెట్టి, మెత్తటి పొట్టు బయటికి తీసి చూపించాడు. "అడుగంతా చివికిపోయిందమ్మా. కొత్త చెక్క వేసినా ఈ చెమ్మకి ఇంతే సంగతులు" అన్నాడు. వడ్రంగి కూతురు ఆ చెక్కలు మళ్ళీ యథాస్థానంలో పెట్టించి, పైన తివాచీ పరిచేసింది.

"తివాచీ పరిస్తే గుంట పోతుందా? ఇంకా కనపడకుండా పోతుంది!" అని మేస్త్రి ఒంటికాలి మీద లేచాడు.

"చూసుకుని నడుస్తాలే."

"ఇప్పుడు చెక్కలాంటి టైల్స్ వస్తున్నాయే. అచ్చం చెక్కే. చెమ్మ పట్టదు, చెదలు పట్టదు..."

"చెక్కలాంటిది చెక్క కాదు కదా! మొహానికి చెక్కబొమ్మ, ఒంటికి మట్టి. మా నాన్న నేల తీసి ఆ వేషాన్ని పెట్టుకోనా? నా కంఠంలో ప్రాణం ఉండగా ససేమిరా."

ఆ ప్రాణం గురించే మేస్త్రి భయం. ఆ రోజు నించీ ఆవిడ ముందుగదిలోకి అడుగు పెట్టిందంటే ఆయన చేతిలో పని ఆగిపోయేది. తివాచీ మడత పడితే సర్దేవాడు, సర్దుతూ సణిగేవాడు. ఊళ్ళో అందరి కాళ్ళకీ నేల చదును చేసినవాడు, ఇంట్లో మనిషి కాళ్ళ కింద నేలని చదును చేయలేకపోతున్నాడు. ఇదీ ఆయన్ని తినేస్తున్న బాధ.

సరిగ్గా అప్పుడే తమ్ముడి కూతురు వచ్చింది.

ఆ పిల్ల పెద్దబజారులో ఇళ్ళ అలంకరణ షోరూమ్‌లో మేనేజరు. అద్దాల తలుపులు, లోపల నీళ్ళు రాని కుళాయిలు, పొయ్యి వెలగని వంటగదులు, ఎవరూ పడుకోని పరుపులు. అన్నీ చూడముచ్చటగా ఉంటాయి. నెలకోసారి శనివారం సాయంత్రం అక్కడ ఊరివాళ్ళకి ఉచితంగా ప్రసంగాలు పెడుతోంది. గోడలకి ఏ రంగు వేసుకోవాలి, చిన్నగదిలో సామాను ఎలా సర్దుకోవాలి, ఇలాంటివి. జనం వస్తున్నారు, టీ తాగుతున్నారు, బిస్కట్టు నములుతూ వెళ్ళిపోతున్నారు. వచ్చినవాడు తన సరుకు పొగుడుకోవడం తప్ప ఇంకేం చెప్పడం లేదని అందరి ఫిర్యాదు.

"ఈసారి చెక్కలా ఉండే టైల్స్ గురించి పెదనాన్నా. అమ్మేవాళ్ళు వద్దు. పరిచేవాళ్ళు చెప్పాలి. నువ్వు చెప్పాలి."

మేస్త్రి కాళ్ళు నేల మీద నిలవలేదు. "నేనా? షోరూమ్‌లోనా? మైకులోనా?"

"మైకు ఎందుకు పెదనాన్నా నీకు? నువ్వు గుసగుసలాడినా బజారు చివరికి వినిపిస్తుంది."

"చెబుతాను! ఆసుపత్రి వరండా దగ్గర మొదలుపెట్టి..."

"టైల్స్ దగ్గర మొదలుపెట్టు."

మేస్త్రి వంటగది వైపు కళ్ళతో సైగ చేసి, గొంతు తగ్గించాడు. "మీ పెద్దమ్మని తీసుకొస్తావా? ఇంట్లో నా మాట చెవికెక్కదు. నలుగురిలో వింటే ఎక్కుతుందేమో."

తగ్గించిన గొంతు కూడా వంటగది దాకా పోయింది. "నువ్వు మాట్లాడితే వినడానికి నాకు షోరూమ్ కావాలా? రోజూ వింటున్నది చాలట్లేదా?"

"నా కోసం రా పెద్దమ్మా. నా ఉద్యోగంలో నేను పెట్టిన ప్రసంగం ఒక్కటైనా నువ్వు చూశావా? ముందు వరసలో కుర్చీ వేయిస్తాను" అని పిల్ల గారాలు పోయింది. పెద్దమ్మ కరిగింది. "నీ కోసం వస్తాను. ఆయన కోసం కాదు. అది రాసిపెట్టుకో."

శనివారం వస్తోందంటే మేస్త్రి ఇల్లంతా తిరుగుతూ ప్రసంగం వల్లె వేశాడు. కోడికి చెప్పాడు, కుళాయికి చెప్పాడు. షోరూమ్‌లో పొట్టిగా ఒక వేదిక ఉంది, గది నేలంత ఉంటుంది. దాని మీద నమూనా నేల పరిచిపెడతానన్నాడు. వచ్చే నెల ఇంకో నమూనా కావాలి కాబట్టి పిండితో అంటించొద్దు, ఉత్తినే పరిచెయ్ పెదనాన్నా అంది పిల్ల. పిండి లేకుండా పరిస్తే పలకలన్నీ డబ్ డబ్ అంటాయని ఆయనకి ఒళ్ళు చీదర వేసింది గానీ, పిల్ల మాట కాదనలేక సరేనన్నాడు.

శనివారం మధ్యాహ్నమే వెళ్ళి పని మొదలుపెట్టాడు. రసమట్టం పెట్టి వేదిక చదును చూశాడు. నూలు లాగి గీత కొట్టాడు. పొడుగాటి పలకలు, ఒక్కొక్కటి మనిషి చెయ్యి చాచినంత. అట్టపెట్టె విప్పి పైదాన్నించి కిందిదాకా వరసగా తీసి పరిచాడు. ఒక పెట్టె అయిపోయాకే ఇంకో పెట్టె విప్పాడు. ఇది ఆయన జన్మలో తప్పని పద్ధతి. ఒకే రంగు టైల్స్ పరిచేటప్పుడు పెట్టెలు కలిపితే ఎక్కడో ఒక చోట రంగు తేడా మచ్చలా కొడుతుంది. అందుకని ఏ పెట్టెది ఆ పెట్టెకే, ఏ వరసది ఆ వరసకే. ఆసుపత్రి వరండా అలాగే పరిచాడు, బస్టాండూ అలాగే. చేతులు వాటంతటవే ఆ పని చేసుకుపోయాయి. ఒక పెట్టెలో పలకలకి ఒక వరస సరిగ్గా సరిపోవడం చూసి, "ఆహా, కొలిచి చేసినట్టుంది!" అని మురిసిపోయాడు కూడా.

సాయంత్రానికి కుర్చీలు నిండిపోయాయి. కుర్చీ దొరకనివాళ్ళు, ఎవరూ పడుకోని ఆ పరుపుల అంచుల మీద కూర్చున్నారు. మేస్త్రి పరిచిన ఇళ్ళవాళ్ళు సగం మంది అక్కడే ఉన్నారు. ఆసుపత్రి నర్సు డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. ముందు వరసలో వడ్రంగి కూతురు, ఒళ్ళో చేతిసంచీ, మూతి కాస్త బిగించి.

మేస్త్రి వేదిక పక్కన నిలబడ్డాడు. ఎదురుగా అన్ని మొహాలు చూసేసరికి వల్లె వేసిందంతా గాలికి పోయింది. అలవాటు కొద్దీ తల కిందికి దించాడు. నేల కనిపించింది. అంతే, గొంతు లేచింది!

"ఇది చూడండి! చూస్తే చెక్క. ముట్టుకుంటే రాయి. నీళ్ళు పోయండి, ఉబ్బదు. చెదలకి తినడానికి ఇందులో ఏమీ లేదు, పాపం అవి పస్తే! కానీ ఒకటి వినండి. దీన్ని పాత టైల్‌లా పరిచారో, చెడ్డట్టే. పొడుగు పలక గదా, బట్టీలో కాలినప్పుడు నడుం కాస్త పైకి లేస్తుంది. వెంట్రుకంత. కంటికి ఆనదు. ఇటుకలు పేర్చినట్టు సగానికి సగం జరిపి పరిచారనుకోండి, ఒకదాని నడుం పక్కన ఇంకోదాని కొస వస్తుంది. అది ఎత్తు, ఇది పల్లం. కాలివేలు తగులుతుంది, మనిషి తూలుతుంది!" ఆ మాట దగ్గర ముందు వరసలోకి ఒక చూపు విసిరాడు. "అందుకని మూడో వంతు జరపాలి. మూడో వంతు! ఇంటికెళ్ళాక అన్నీ మర్చిపోండి, ఇది ఒక్కటి మర్చిపోవద్దు."

జనం చెవులు నిక్కబొడుచుకుని విన్నారు. ఒకాయన కాగితం మీద రాసుకున్నాడు. మేస్త్రికి ఊపొచ్చింది. కింద చదును ఎలా చూడాలో చెప్పాడు, పళ్ళతాపీతో పిండి ఎలా దువ్వాలో గాల్లో దువ్వి చూపించాడు, మధ్యలో ఈతకొలను కథ కూడా దూర్చాడు. తమ్ముడి కూతురు కణతలు నొక్కుకుంది గానీ జనం పడీ పడీ నవ్వారు.

"ఇంకేమైనా అనుమానాలుంటే అడగండి" అని మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

ముందు వరసలోంచి వడ్రంగి కూతురు పక్కనున్న పిల్లతో మెల్లగా అంది. మెల్లగానే అంది గానీ, గది నిశ్శబ్దంగా ఉండటంతో అందరికీ వినబడింది.

"ఆ ముడి ఏంటే, మెట్లెక్కుతోంది?"

అందరూ నేల వైపు చూశారు. మేస్త్రీ చూశాడు. మొదటి వరసలో ఒక పలక మీద చెక్కముడి, గుండ్రంగా, కంటిపాపలా. రెండో వరసలో అదే ముడి, మూడో వంతు జరిగి. మూడో వరసలో మళ్ళీ అదే, ఇంకాస్త జరిగి. నాలుగో వరసలో కూడా! ఫ్యాక్టరీవాళ్ళు ప్రతి పెట్టెలోనూ చెక్కబొమ్మల అచ్చులు ఒకే వరసలో పేర్చారు. ఆయన ప్రతి పెట్టెనీ ఒకేలా పైనించి కిందికి తీశాడు. ముడి వరస వరసకీ ఒక్కో మెట్టెక్కి గోడ దాకా పోయింది.

"ఒక చెట్టుకి అన్నేసి కవలలా!" అని వెనక నించి ఎవరో అన్నారు. షోరూమ్ గొల్లుమంది.

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఆవిడ కూడా కంగారుపడి, "నేను దీనితో అన్నానయ్యా..." అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన ఆవిడ వైపు చూడలేదు. వేదిక ఎక్కి వంగి, మొదటి ముడి మీద వేలు పెట్టాడు. రెండోదాని మీద పెట్టాడు. తల ఒక పక్కకి వాల్చాడు, చప్పుడు వినేటప్పుడు వాల్చినట్టే.

"డొల్ల" అన్నాడు. "చెవికి కాదు, కంటికి. డొల్లని నేను ఉంచను." అని పలకలు లేపడం మొదలుపెట్టాడు.

"పెదనాన్నా, ఇప్పుడా?"

"ఇప్పుడే! చుట్టాలొచ్చినా పీకాను, మీరు నాకు కొత్తా?" జనం చప్పట్లు కొట్టారు. లేపిన పలక చేతిలో పట్టుకుని ఆయన అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఒకే రంగు నేలలు పరిచిన చేతులవి. ఎన్ని నేలలు పరిచినా, ఏ పలక పక్కన ఏ పలక అని ఆలోచించాల్సిన అవసరం వాటికి ఎప్పుడూ రాలేదు. చివరికి ముందు వరస వైపు తిరిగాడు.

"ఏమే, మీ నాన్న ఎలా పేర్చాడు?"

వడ్రంగి కూతురు కదల్లేదు. తమ్ముడి కూతురు ఆవిడ ఒళ్ళోంచి సంచీ లాగేసుకుంది. "వెళ్ళు పెద్దమ్మా!"

"నాకేం తెలుసే..." అంటూనే లేచింది. వేదిక దగ్గరికి వచ్చి, ఆయన చేతిలో పలకని అందుకుని, దాని మీద అరచెయ్యి పెట్టి పొడుగునా జరిపింది. సగంలో చెయ్యి ఆగింది. "ఇదేంటయ్యా! బొమ్మలో గీత ఉన్నచోటే చేతికి గాడి తగులుతోంది!"

"మరి? అదే గదా నేను చెవిన ఇల్లు కట్టుకుని పోరుతున్నది!"

ఆవిడ వినిపించుకుంటేగా! "ఆ పెట్టెలన్నీ విప్పండి. అన్నీ! గోడకి చేరేయండి. ముడులున్నవి ఇటు, సన్నగీతలవి అటు. కాదు కాదు, దాన్ని తిరగేయండి, మొదలు అటూ కొస ఇటూ. ఒకే అచ్చువి రెండు పక్కపక్కన కూర్చోకూడదు, కొట్లాడుకుంటాయి. మా నాన్న ముందు అన్నీ పరిచి, దూరంగా వెళ్ళి, కళ్ళు సగం మూసి చూసేవాడు. ఏది కంట్లో నలుసులా గుచ్చితే దాన్ని మార్చేవాడు."

నర్సు లేచి పలకలు అందించింది. కాగితం మీద రాసుకుంటున్నాయన కాగితం జేబులో కుక్కి పెట్టెలు విప్పాడు. వడ్రంగి కూతురు చెప్పడం, జనం మోయడం, మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని పరవడం. షోరూమ్ కాస్తా పనిచోటు అయిపోయింది. ఉన్నట్టుండి ఆవిడ అరిచింది.

"ఏమయ్యా, అన్నీ మెట్లు మెట్లుగా జరుపుతున్నావేంటి? అతుకులు ఎక్కడ పడితే అక్కడ రావాలి!"

"మూడో వంతు!"

"మా నాన్న లెక్క చూసుకోలేదు!"

"మీ నాన్న వంగిన చెక్కని మేకు కొట్టి లాగాడు. దీనికి మేకు కొడతానా?"

"పెద్దమ్మ చెప్పిందే అందంగా ఉంది" అని ఒక పక్క, "కాలివేలు తగిలితే అందం ఏం చేసుకుంటాం?" అని ఇంకో పక్క, జనం రెండుగా చీలిపోయారు. మేస్త్రి తల గోక్కుని, ఒక వరస మూడో వంతు ముందుకి జరిపాడు, తర్వాతిది వెనక్కి జరిపాడు, ఆ తర్వాతిది మళ్ళీ రెండు వంతులు ముందుకి. నడుం పక్కన కొస రాలేదు. మెట్లూ లేవు. ఇద్దరూ ఒకేసారి వెనక్కి అడుగేసి, కళ్ళు సగం మూసి చూశారు.

ఒక్క చెట్టు నించి కోసి తెచ్చినట్టుంది నేల! జనం నోట "అబ్బ!" అన్న మాట ఒకేసారి వచ్చింది.

"తడి పడితే జారదా మేస్త్రిగారూ?" అంది నర్సు. మేస్త్రి చెంబుడు నీళ్ళు తెప్పించి కుమ్మరించాడు. తను నడిచి చూపిద్దామని కాలెత్తేలోగా వడ్రంగి కూతురు చెప్పులు విడిచి ఎక్కేసింది. మేస్త్రి చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకోలేదు. ఆ చివరి దాకా నడిచింది, తిరిగింది, వెనక్కి వచ్చింది. మోకాలు తడబడలేదు. కాలివేలికి ఏమీ తగల్లేదు. మధ్యలో ఆగి, మడమతో ఒకసారి తొక్కి, విన్నది.

"అంతా బాగుంది గానీ, ఇది మాట్లాడదు కదయ్యా" అంది. ఈసారి నిజంగానే ఆయనకి ఒక్కడికే వినబడేలా.

మేస్త్రికి అప్పుడు తెలిసొచ్చింది. ఆవిడకి మట్టి మీద చిన్నచూపు కాదు. వేషమన్నది సాకు. కాపురమంతా వంటగదిలో నిలబడి ఆవిడ వింటున్నది ఆ కిర్రునే. పిల్లలు రావడం, ఆయన రావడం, అన్నీ తండ్రి పరిచిన చెక్క చెబితేనే ఆవిడకి తెలిశాయి. చప్పుడు మేస్త్రి అని పేరు పెట్టించుకుని తిరిగాడు గానీ, ఇంట్లో ఉన్న ఈ చప్పుడు మేస్త్రిని మాత్రం ఆయన కనిపెట్టలేదు!

"మాట్లాడిస్తాను" అన్నాడు.

"ఎలా?"

"ఎలాగో నాకొదిలెయ్. పేర్పు నీది, పిండి నాది. ఒప్పుకుంటావా?"

ఆవిడ తడికాళ్ళ వంక చూసుకుంది. "ముడి మెట్లెక్కిందో, ఊరుకోను" అంది.

ఆ మాట విని ముందుగా చప్పట్లు కొట్టింది తమ్ముడి కూతురు.

వారం తిరక్కుండా ముందుగది విప్పారు. చివికిన చెక్కలు వెనక వరండాలోకి చేరాయి. మేస్త్రి ఒక్కొక్కదాన్నీ సుత్తిపిడితో కొట్టి విన్నాడు. ముందుగదిలోంచి వంటగదిలోకి వెళ్ళే ద్వారం దగ్గర, చెమ్మ చేరని మూలలో, ఒక చెక్క గట్టిగా పలికింది. దాన్ని తుడిచి విడిగా దాచాడు. వడ్రంగి కూతురు పీట వేసుకు కూర్చుని పలకలు పేర్పించింది, మార్పించింది, మళ్ళీ మార్పించింది. పిల్లలు, మనవలు, తమ్ముడి కూతురు అందరూ అందించేవాళ్ళే. "అమ్మా, నాన్న ఇంత మాట వినడం మేమెప్పుడూ చూళ్ళేదే" అని పెద్దమ్మాయి అంటే, "నేను వినడం లేదు, ఊరికే చెవులకి పని చెబుతున్నాను" అన్నాడు మేస్త్రి, పిండి దువ్వుతూ.

పలకలన్నీ ఆరాక సుత్తి తిరగేసి పట్టుకుని మొదలుపెట్టాడు. టక్. టక్. టక్. గోడ నించి గోడ దాకా ఒక్క డబ్ లేదు. చివరికి వంటగది ద్వారం దగ్గరికి వచ్చాడు. అక్కడ టైల్స్‌కి సమంగా, అడ్డంగా, మామగారి చెక్క. దాని కింద పిండి పెట్టలేదు. రెండు కొసలూ రెండు పట్టీల మీద ఆనించి, మధ్యలో గాలి వదిలేశాడు, ఎవరు తొక్కినా కొద్దిగా వంగేలా. పిడితో కొట్టాడు. డబ్!

పిల్లలందరూ సుత్తి వంకే చూశారు, ఇప్పుడు పీకేస్తాడేమోనని. మేస్త్రి సుత్తి కింద పెట్టి, లేచి, మోకాళ్ళు దులుపుకుని, వీధిలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ వంటగదిలోకి వెళ్ళేదాకా ఆగి, పిల్లిలా అడుగులేసుకుంటూ తిరిగొచ్చాడు. కొత్త నేల మీద చప్పుడు లేదు. టైల్స్ దాటి చెక్క మీద కాలు పెట్టాడు.

కిర్రుమంది.

"అదిగో వచ్చాడు. గొప్పలు చెప్పుకోవడానికి పిల్లిలా వస్తున్నాడు!" అంది లోపలినించి వడ్రంగి కూతురు. గొంతులో నవ్వు దాగలేదు.

ఇప్పుడు ఎవరొచ్చినా మేస్త్రి ఆసుపత్రి వరండా గురించి తర్వాత చెబుతాడు. ముందు ఆ ద్వారం దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, తొక్కమంటాడు. "వినండి! ఈ ఊరి నేలలన్నిట్లో నేను కావాలని వదిలిన డొల్ల ఇదొక్కటే" అంటాడు, ఈతకొలను కన్నా గొప్పగా.

"ఆయన్ని నమ్మకండి, అది వదలమన్నది నేను" అని లోపలినించి గొంతు వస్తుంది. అది నిజం కాదు. మేస్త్రి మాత్రం సరిదిద్దడు.